కళింగపట్నం నుంచి పూరీ దాకా

బోటు ఇంజనుకి పక్కన, మూత కింద, అగ్గిపుల్ల దూరేంత బెజ్జం ఒకటి ఉంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ అందులోంచి సన్నటి నీటి ధార బయటికి చిమ్ముతూ ఉండాలి. నీళ్ళలో మునిగి ఉండే కింది భాగంలో ఇంపెల్లర్ అని రబ్బరు రెక్కల చక్రం తిరుగుతుంటుంది. అది సముద్రపు నీటిని పైకి తోడి, ఇంజను చుట్టూ తిప్పి చల్లబరిచి, ఆ బెజ్జంలోంచి బయటికి పంపుతుంది. ధార సన్నబడిందంటే రబ్బరు రెక్కలు పోతున్నట్టు. ఆగిపోయిందంటే అక్కడికక్కడ ఇంజను ఆపెయ్యాలి. మా తీరంలో బోటు తోలే ప్రతివాడికీ ఇది తెలుసు. నాకూ తెలుసు. 2017 మార్చి 9 తెల్లవారుజామున ధార సన్నంగా వస్తోందని చూశాను. చూసి కూడా బయల్దేరాను.

మాది శ్రీకాకుళం జిల్లా. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పేట. మా వూళ్ళో జెట్టీ లేదు. ఇసకలోంచి తోసుకుని వెళ్ళాలి, వచ్చాక ఇసక మీదికి ఈడ్చుకోవాలి. అందుకే మా బోట్లు చిన్నవి. ముప్పై అడుగుల ఫైబరు బోటు, వెనక తగిలించుకునే పది గుర్రాల ఇంజను. ఆ రోజు నలుగురం వెళ్ళాం. నేను, మా అప్ప మొగుడు, అంటే మా బావ, వాళ్ళ కొడుకు, మా చినాన్న. మేనల్లుడికి పదిహేడేళ్ళు. ఇంటర్లో ఒక పేపరు పోయి, అది రాసేదాకా ఊరికే కూచోడం ఎందుకని వేటకొస్తున్నాడు. చినాన్నకి అరవై దాటాయి. కర్ర తెప్పల కాలంలో తెరచాపతో వేటాడినవాళ్ళు మా పేటలో అప్పటికి నలుగురైదుగురే మిగిలారు. ఆయన అందులో ఒకడు.

రెండు నెలల ముందు ఇంపెల్లర్ నేనే మార్చాను. టౌనులో ఒక కొట్లో కంపెనీ సరుకు ధర చెప్పారు. దాని పక్కనే ఇంకోటి చూపించారు, సగం ధర. 'ఇదీ అదే అన్నా, పేరొకటే తేడా' అన్నాడు. ఆ కొట్టు పేరు ఇక్కడ రాయను. కొన్నది నేను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఆ సంక్రాంతికి కొత్త ఐసు పెట్టె కొన్నాం, పెద్దది. అది పెట్టాక బోటులో చోటు చాల్లేదు. రెండు తెడ్లూ, చినాన్న దాచుకున్న పాత తెరచాపా ఇంటి గోడకి ఆనించేశాం. 'తెడ్డు నేకుండా గంగలోకి ఎల్తారేటిరా' అన్నాడు చినాన్న. 'ఇంజనుంది గదా చినాన్నా' అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

పున్నమి ముందు వెన్నెల రోజులు. వలకి చేప సరిగా పడదు. గేలాలు వేసుకుని కోనేల కోసం లోపలికి వెళ్ళాం. ముప్పై కిలోమీటర్లు పోయి ఉంటాం. మధ్యాహ్నానికి పదకొండు కోనేలు, కొన్ని పారలు పడ్డాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆలోగా ఎంత దొరికితే అంత చేసుకోవాలని మార్చి అంతా అదే తొందర మాకు. మూడు గంటలప్పుడు ఇంటిమొహం పట్టాం. గట్టిగా అరగంట కూడా వచ్చామో లేదో, రంగు కాలిన వాసన తగిలింది. వెనక్కి తిరిగి చూశాను. బెజ్జంలోంచి ధార లేదు. చెయ్యి స్విచ్చు మీదికి పోయేలోపలే ఇంజను గట్టిగా ఒకసారి కీచుమని ఆగిపోయింది.

తాడు లాగాను. కదల్లేదు. గోడకి కట్టిన తాడు లాగినట్టుంది. చల్లారనిచ్చి, ప్లగ్గులు తీసి, బెజ్జాల్లో ఆయిలు పోసి, బావా నేనూ మార్చి మార్చి లాగాం. పిస్టను పట్టేసింది. అది మళ్ళీ తిరగదని చీకటి పడకముందే నాకు తెలిసిపోయింది. అయినా ఆ రాత్రి ఎనిమిది దాకా లాగుతూనే ఉన్నాను. ఆపితే వాళ్ళ మొహాలు చూడాలి.

లంగరు వేశాం. తాడు ముప్పై బారలు. నీళ్ళు అంతకన్నా లోతు, లంగరు నేల తగల్లేదు. బావ ఫోనులో సిగ్నలు లేదు. కోస్ట్ గార్డు నంబరు 1554 అని మీటింగుల్లో చెప్పారు, గుర్తుంది. నొక్కి నొక్కి చూశాం. ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే డాట్ పరికరాన్ని ఇస్రో చేసింది. పెద్ద బోట్లలో చూశాను. మా బోటులో లేదు.

మాఘం దాటాక మా సముద్రంలో నీరు ఉత్తరానికి లాగుతుంది. వానాకాలం పోయాక, కార్తీకం ప్రాంతంలో దక్షిణానికి లాగుతుంది. ఇది చిన్నప్పట్నించీ వింటున్నదే. ఇంజను నడిచేటప్పుడు అదొక లెక్క కాదు, పావుగంట ఆలస్యం, అంతే. ఆ రాత్రి కళింగపట్నం లైట్‌హౌసు వెలుగు చూస్తూ కూచున్నప్పుడు అది నాకు అర్థమైంది. మొదట వెలుగు పడమరకి ఉంది. తర్వాత కొంచెం వెనక్కి. తర్వాత బోటు అల మీదికి లేచినప్పుడే కనపడింది. తెల్లారగట్ల మేనల్లుడు అడిగాడు, 'మావా, లైటు ఆర్పేసినారేటి?'

చినాన్న పొద్దున్నే ఉన్నవన్నీ బయట పెట్టించాడు. నీళ్ళ క్యానులో అడుగున కొంచెం నీళ్ళున్నాయి. అటుకులు కొంచెం, బెల్లం ముక్క. సద్దన్నం అయిపోయింది. ఐసు పెట్టెలో సగం ఐసు. ఆయన టీ గ్లాసు ఒకటి తీసి, 'పొద్దుట ఒకటి, మజ్జాన్నం ఒకటి, రాత్రికి ఒకటి. నాను పోసిందే తాగాల' అన్నాడు. గట్టిగా అరవలేదు, మామూలుగా చెప్పాడు. ఆ క్షణం నుంచి బోటు ఆయనది. నాకు అంతకుముందు ఎప్పుడూ తెలియని ఊరట కలిగింది. ఒక పెద్దమనిషి మనతో ఉన్నాడన్న ఊరట.

రెండో రోజు మధ్యాహ్నం విమానం వచ్చింది.

అది నేను ఇంతకుముందు ఎవరికీ సరిగా చెప్పలేదు. చెప్పబోతే గొంతు పట్టేస్తుంది. దక్షిణం నుంచి ముందు చప్పుడు వినిపించింది, తర్వాత కనపడింది. చిన్నది, రెక్కల మీద రెండు ఇంజన్లు, పంకాలు తిరుగుతున్నాయి. చాలా కిందగా వస్తోంది. కడుపు కింద గీతలు కూడా కనపడ్డాయి. మేనల్లుడు ఐసు పెట్టె ఎక్కి చొక్కా విప్పి ఊపాడు. బావ కేకలు పెట్టాడు. నేను క్యాను పైకెత్తి ఊపాను. మా మీదుగా కాదు, ఒక అరకిలోమీటరు పక్కగా పోయింది. పోయింది, అంతే. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయాక కూడా మేనల్లుడు చొక్కా ఊపుతూనే ఉన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

అది ఎవరి విమానమో, దేనికొచ్చిందో నేను చెప్పలేను. వాళ్ళని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. తర్వాత మా జిల్లావాడే, నేవీలో చేసి రిటైరైన ఒకాయన నాకు వివరంగా చెప్పాడు. పైనుంచి చూస్తే ముప్పై అడుగుల తెల్ల బోటుకీ, విరిగిన అల నురుగుకీ తేడా ఉండదట. ఆ మధ్యాహ్నం గాలికి సముద్రమంతా నురుగే. మా చొక్కాలు నీలం, బూడిద రంగు. 'మీరు చెయ్యి ఊపడం వాళ్ళకి కనపడదు, ఒక అద్దం ముక్క ఉంటే ఎండని వాళ్ళ కంట్లోకి కొట్టొచ్చు, అది చాలా దూరం కనపడుతుంది' అన్నాడు. మా బోటులో గడ్డం గీసుకునే అద్దం ఎప్పుడూ ఉండేది. ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఆయనే ఇంకోటి చెప్పాడు. సముద్రం మీద ఇంజను ఆగిపోయిన చిన్న విమానం రాయిలా పడిపోదట. జారుకుంటూ కిందికి దిగుతుంది. పైలట్‌కి దొరికేవి కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో అలల వరసకి అడ్డంగా పోకుండా వరస వెంబడి దిగాలి. ఎదురుగా దిగితే అల గోడలా తగిలి ముక్కు మునిగిపోతుంది. లైఫ్ జాకెట్టు లోపల ఉండగా ఊదకూడదు, ఊదితే నీళ్ళు నిండే విమానంలో పైకి తేలి కప్పుకి అంటుకుపోతారు, తలుపులోంచి బయటపడలేరు. బయటికి వచ్చాకే ఊదుకోవాలి. ఆయన ఇదంతా చెప్తుంటే నేను మా బోటే చూశాను. వాళ్ళకి కొన్ని నిమిషాలు. మాకు ఐదు రోజులు. ఐదు రోజులున్నా చెయ్యాల్సిన పని చెయ్యాల్సిన వేళకి తట్టదు.

విమానం పోయాక చినాన్న ఒక మాటన్నాడు. అంతకు ఎనిమిది నెలల ముందే, 2016 జులై 22న, చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం ఈ బంగాళాఖాతంలోనే కనపడకుండా పోయింది. 29 మంది. అందులో ఎనిమిది మంది విశాఖ నేవీ ఆయుధ డిపోలో పనిచేసేవాళ్ళు. మా ఇళ్ళల్లో టీవీల ముందు రోజుల తరబడి కూచుని చూశాం. ఎన్నో ఓడలు, ఎన్నో విమానాలు వెతికాయి. ఒక్క ముక్క దొరకలేదు. సెప్టెంబరులో వాళ్ళు చనిపోయినట్టే లెక్క అని ఇళ్ళకి కబురు చేశారు. చినాన్న ఆకాశం వైపు చూస్తూ, 'అంత ఇమానానికే దిక్కు నేకపోనాది. మనల్ని ఎవుడు సూస్తాడు. మనమే ఎల్లాల' అన్నాడు.

ఆ విమానం ముక్కలు చెన్నైకి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఉన్నాయని 2024 జనవరిలో చెప్పారు. నీటి కింద దానంతట అది తిరిగే యంత్రం తీసిన ఫొటోల్లో కనపడ్డాయి. ఏడున్నరేళ్ళు. ఆ వార్త చదివిన రోజు నేను వేటకి పోలేదు. ఆ ఎనిమిది ఇళ్ళలో ఆడవాళ్ళు ఏడున్నరేళ్ళు తలుపు చప్పుడైనప్పుడల్లా ఎలా లేచి ఉంటారో నాకు తెలుసు. మా ఇంట్లో అది ఐదు రోజులే.

'మనమే ఎల్లాల' అని చినాన్న పని మొదలుపెట్టాడు. గేలాల బోయలకి జెండాలు కట్టే వెదురుగడలు రెండున్నాయి. వాటిని కలిపి బిగించి కొయ్యలా నిలబెట్టాడు. చేపల మీద కప్పే నీలం టార్పాలిన్‌ని గేలం తాడుతో కుట్టాడు. సూది లేదు, గేలం ముల్లుతోనే బెజ్జాలు పొడిచాడు. ఐసు పెట్టె మూత ఊడదీసి వెనక నీళ్ళలో పెట్టి చుక్కానిలా పట్టుకోమన్నాడు నన్ను. మధ్యాహ్నం పూట గాలి దక్షిణం నుంచి వీస్తుంది. 'నీరు ఎటు నాగితే అటే ఎల్దాం. ఎల్తా ఎల్తా పడమరకి ఒరుగుదాం' అన్నాడు. నీటికి ఎదురీదాలని నేను అనుకుంటున్నాను. ఆయన నీటితో పోతూనే పక్కకి జరగాలంటున్నాడు. రాత్రి గాలి నేల మీంచి వచ్చేటప్పుడు తెరచాప దింపి, ఒక వెదురుబుట్టకి బరువు కట్టి తాడుతో ముందు నుంచి నీళ్ళలోకి వదిలేవాడు. బుట్ట నీళ్ళని పట్టుకుని బోటుని అలలకి ముక్కు చూపిస్తూ నిలబెట్టేది. గాలి మమ్మల్ని మళ్ళీ లోపలికి తోసెయ్యకుండా అది చాలావరకు ఆపింది. మా వయసు వాళ్ళకెవరికీ ఆ బుట్ట సంగతి తెలియదు.

రెండో రాత్రి ఓడ వచ్చింది. పెద్ద సరుకు ఓడ. బావ పాత చొక్కా చింపి ఆయిలులో ముంచి గడకి చుట్టి ముట్టించాడు. ఓడ మీద దీపాలు ఒక వీధిలా ఉన్నాయి. మనుషులున్నారు అక్కడ, అన్నాలు తింటుంటారు. ఓడ తిరగలేదు. దాని అల వచ్చి బోటుని అడ్డంగా లేపేసింది. చేపల్లో సగం, అటుకుల మూట, నీళ్ళలోకి పోయాయి. క్యాను మేనల్లుడు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూచున్నాడు కాబట్టి మిగిలింది.

మూడో రోజు పొద్దున ఎడమచేతి వైపు, మబ్బులోంచి వచ్చినట్టు, ఒక కొండ శిఖరం కనపడింది. మహేంద్రగిరి. మా వాళ్ళంతా ఆ కొండని గుర్తు పెట్టుకునే దారి చూసుకుంటారు. నేనెప్పుడూ అది ఉత్తరాన ఉండగానే చూశాను. ఇప్పుడు సూటిగా పడమరకి ఉంది. అంటే మా జిల్లా దాటిపోతున్నాం. కాసేపటికి ఎండ పొగలో కొండ కరిగిపోయింది.

దాహం గురించి చెప్పాలి. ఆకలి రెండో రోజుకే చచ్చిపోయింది. పచ్చి కోనెం ముక్కలు నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేసేవాళ్ళం. దాహం అలా కాదు. నాలుక నోట్లో వేరే వస్తువులా ఉంటుంది, చెక్కముక్క పెట్టుకున్నట్టు. మాట మధ్యలో ఆగిపోతుంది. చుట్టూ నీళ్ళు తళతళమంటుంటాయి. మూడో రోజు సాయంత్రం మేనల్లుడు బోటు అంచు మీద వంగి చేతులు కడుక్కుంటున్నాడనుకున్నాను. దోసిట్లో నీళ్ళు తాగుతున్నాడు. బావ వెళ్ళి జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, వాడి నోట్లో వేళ్ళు పెట్టి కక్కించాడు. కొట్టాడు కూడా. తర్వాత వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నడుముకి తాడు కట్టి తన నడుముకి ముడేసుకున్నాడు. ఒడ్డు చేరేదాకా ఆ ముడి విప్పలేదు.

మంచినీళ్ళు మూడో రోజు రాత్రికి అయిపోయాయి. ఐసు కరిగిన నీళ్ళు మిగిలాయి. చేపల నెత్తురు, పొలుసులు, జిగురు కలిసి గులాబి రంగులో ఉన్నాయి. చినాన్న తన పంచె కొంగుతో వడగట్టి గ్లాసులో పోశాడు. మొదటిసారి ముగ్గురం కక్కేశాం. 'కక్కితే నీరు పోద్ది. ముక్కు మూసుకుని మింగండి' అన్నాడు. మింగాం. తెల్లవారుజామున టార్పాలిన్ మీద మంచు పట్టేది. దాన్ని మడతలోకి జార్చి, నలుగురం మోకాళ్ళ మీద కూచుని నాకేవాళ్ళం. ఉప్పగా ఉండేది గాని చల్లగా ఉండేది.

నాలుగో రాత్రి పున్నమి. గాలి తగ్గింది. మేనల్లుడు నిద్రపోతున్నాడో, మగతలో ఉన్నాడో. చినాన్న ముందు వైపు ముడుచుకుని పడుకున్నాడు. నేను చుక్కాని చెక్క పట్టుకుని ఉన్నాను. బావ ఎదురుగా. ఆ వెన్నెల్లో బావ పెదాలు పగిలి నెత్తురు ఎండిపోయి నల్లగా కనపడ్డాయి. ఇంక ఉండబట్టలేక చెప్పేశాను.

'బావా, ఆ రోజు బయల్దేరినప్పుడే దార సన్నంగా వచ్చినాది. సూసినాను. వచ్చీసాక సూద్దాంలే అనుకున్నాను.'

బావ చాలాసేపు ఏమీ అనలేదు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొడుకు తల మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉన్నాడు. ఆఖరికి గొంతు పెగల్చుకుని, 'ఈడికి సెప్పకు' అన్నాడు. అంతే. కాసేపాగి, 'నువ్వు తొంగో. చెక్క నాను పడతాను' అని నా చేతిలోంచి మూత తీసుకున్నాడు.

ఐదో రోజు తెల్లారేసరికి నీటి రంగు మారింది. లోపలి నీరు నీలంగా, నల్లగా ఉంటుంది. ఇది ఆకుపచ్చగా, మురికిగా ఉంది. చినాన్న చెయ్యి ముంచి చూసి, 'నేల దగ్గరికొచ్చినాం' అన్నాడు. ఆయనకి లేచి కూచునే ఓపిక లేదు, పడుకునే చెప్పాడు. పొద్దు బారెడెక్కాక ఒక తెరచాప కనపడింది, దాని వెనక ఇంకోటి. ఈసారి నేను టార్పాలిన్ కోసం పాకాను. నీలం టార్పాలిన్ మీదికీ కిందికీ ఊపాం. వాళ్ళు మా వైపు తిరిగారు.

దగ్గరికొచ్చేదాకా మేం భయపడుతూనే ఉన్నాం, ఏ దేశం వాళ్ళో, ఏ భాషో, ఏమంటారో అని. మా వాళ్ళు దారి తప్పి బంగ్లాదేశ్ దాకా కొట్టుకుపోయి జైళ్ళలో పడ్డ కథలు మాకు తెలుసు. మేం ఎంత దూరం వచ్చామో మాకు తెలియదు. ఆ బోటులో ముందు నిలబడ్డ ముసలాయన నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు.

'ఎవుల్రా మీరు? ఏ వూరు?'

మా తెలుగు. మా యాసే, కొంచెం పాతబడ్డట్టు, మా తాతలు మాట్లాడినట్టు. చినాన్న ఆ మాట విని, నాలుగు రోజులు ఏడవని మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు.

వాళ్ళు పూరీ పెంటకటవాళ్ళు. జగన్నాథస్వామి గుడికి ఆవల సముద్రం ఒడ్డున అంత పెద్ద పేట, అంతా తెలుగు బెస్తవాళ్ళే. ఒకప్పుడు మా తీరం నుంచి వేట వెతుక్కుంటూ పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఆ ముసలాయన నీళ్ళ సీసా ఇచ్చి వెంటనే లాక్కున్నాడు. గుడ్డ తడిపి పెదాల మీద పెట్టాడు. తర్వాత మూతతో పోశాడు. 'ఒకేపాలి తాగితే కడుపు పట్టేద్ది' అన్నాడు. మా బోటుని వాళ్ళ బోటుకి కట్టుకుని లాగారు. ఇంజను ఆగిన చోటు నుంచి అక్కడికి తీరం వెంబడి చూస్తే దాదాపు 240 కిలోమీటర్లు.

ఒడ్డున మొహాల నిండా ఎర్రరంగు పూసుకున్న మనుషులు గుంపుగా పరిగెత్తుకొచ్చారు. మేనల్లుడు నెత్తురనుకుని బావని గట్టిగా పట్టేసుకున్నాడు. ఆ రోజు హోలీ.

ఆస్పత్రిలో రెండు రోజులు సెలైన్లు పెట్టారు. పోలీసులు వచ్చి మత్స్యకారుల కార్డులు చూశారు, రాసుకున్నారు. పెంటకటలో ఒక ఇంట్లో మూడు రోజులున్నాం. ఆ ఇంటావిడ చోడంబలి చేసి పెట్టింది. మా అమ్మ చేసినట్టే ఉంది. టిక్కెట్లు కూడా వాళ్ళే కొన్నారు. పలాసలో దిగేసరికి పేట నుంచి పదిహేను మంది వచ్చి ఉన్నారు.

ఊళ్ళో ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. మొదటి రెండు రోజులు మా బోట్లు ఎనిమిది, భావనపాడు దాకా వెతికాయట. ఒక్కో బోటుకి డీజిలు, పెట్రోలు డబ్బులు పేటలో ఇంటింటికీ వేసుకున్నారు. మూడో రోజు చాలామంది ఆశ వదిలేశారు. నాలుగో రోజు పెద్దలు వచ్చి మా చిన్నమ్మని, ఇంక జరగాల్సినవి చూడాలి కదా అని మెల్లిగా అడిగారట. ఆవిడ గోడకి ఆనించి ఉన్న తెడ్లు చూపించి, 'ఆడు తెడ్లు ఇక్కడే వదిలేసి ఎల్లినాడు. వాటి కోసమైనా వస్తాడు' అందట. తలుపేసుకుందట.

చినాన్న మళ్ళీ గంగలోకి పోలేదు. ఎడమ కాలి మీద ఉప్పు పుండ్లు మానడానికి ఆర్నెల్లు పట్టింది. సాయంత్రాలు ఒడ్డున కూచుని కుర్రాళ్ళకి బుట్ట ఎలా కట్టాలో, గడ ఎలా నిలపాలో చూపించేవాడు. వినేవాళ్ళు విన్నారు. నేను ఐసు పెట్టె అమ్మేసి చిన్నది కొన్నాను. బోటుకి నారింజ రంగు వేశాను. తెడ్లు, తెరచాప, అద్దం, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఉంటున్నాయి. ఇంపెల్లర్ కంపెనీదే వేస్తున్నాను, ఆర్నెల్లకోసారి మారుస్తున్నాను. పాతది విప్పినప్పుడు ఆరు రెక్కల్లో రెండే ఉన్నాయి. మిగతావి పెళుసుబారి విరిగిపోయి నీటి గొట్టంలో ఇరుక్కుని ఉన్నాయి.

మేనల్లుడు ఇంటరు పేపరు రాయలేదు. మరుసటి ఏడాది అందరిలాగే గుజరాత్ వెళ్ళాడు, వేరావల్. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా వందల మంది అక్కడి పెద్ద బోట్ల మీద పనికి పోతారు. 2018 నవంబరు చివర్లో వేరావల్ నుంచి వెళ్ళిన బోట్లని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నారని, అందులో మనవాళ్ళున్నారని టీవీలో చెప్పినప్పుడు, మా అప్ప ఇంటి ముందు పేటంతా చేరింది. ఆ రోజంతా వాడి ఫోను కలవలేదు. రాత్రికి కలిసింది. వాడు ఇంకో బోటులో ఉన్నాడు, ఒడ్డుకి చేరాడు. పట్టుకుపోయినవాళ్ళలో 20 మంది కరాచీ జైల్లో పదమూడు నెలలకి పైగా ఉండి 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు మాకు తెలిసినవాళ్ళే. ఆ పదమూడు నెలలూ మా అప్ప ఆ ఇళ్ళకి వెళ్ళి ఊరికే కూచుని వచ్చేది.

మేనల్లుడు ఇప్పుడు వేరావల్లోనే చిన్న బోటు ఒకటి తోలుతున్నాడు. బావ వాడికి ఆ ధార మాట ఎప్పుడూ చెప్పలేదని నాకు ఒట్టు వేసి చెప్పాడు. నేనూ చెప్పలేదు. కానీ వేరావల్లో సిగ్నలు ఉన్నంతవరకు, బోటు తోసిన ప్రతిసారీ వాడు ఇంట్లో ఎవరికీ చెయ్యకుండా నాకు ఫోను చేస్తాడు. వెనక ఇంజను చప్పుడు వినిపిస్తుంటుంది. ఒకటే మాట చెప్పి పెట్టేస్తాడు.

'దార బాగా వస్తంది మావా.'